రచ్చ, పేరంటము, మర్రిమాను: కదిరి సీమలో స్త్రీ స్మారక చదుకమును గూర్చిన విమర్శ

తెలుగున నలుగురు కూడు చోటికి పేర్లు పెక్కు గలవు. కూడలి, చదుకము, రచ్చ, రచ్చబండ, అంగడివీధి, నడివీధి, బజారు. వీనిలో చదుకము సంస్కృత చతుష్క శబ్దమునుండి వచ్చినది. రచ్చ యనునది రథ్యా శబ్దమునకు ప్రాకృతము మీదుగా తెలుగున నిలిచిన రూపము. ఈ మాటలు పురుషునియెడల చేరినపుడు గౌరవమునకో, కనీసము వ్యవహారమునకో చెల్లుచున్నవి. ఇంట గెలిచి రచ్చ గెలువుమను లోకోక్తి మగవానికి చెప్పిన హితవు. ఆ మాటయే స్త్రీయెడల చేరినచో నింద యగును. రచ్చకెక్కినది, బజారున పడినది, నడివీధిని నిలిచినది అన్న పలుకుబళ్లలో నేదియు స్త్రీని మెచ్చుటకు పుట్టలేదు. స్త్రీల కూడికకు మన భాష వేఱొక పేరు నుంచినది. అది పేరంటము. దాని తావు ఇల్లు. దాని ద్రవ్యములు పసుపు, కుంకుమ, తాంబూలము, నానబెట్టిన సెనగలు. దాని కాలము మధ్యాహ్నమునకును దీపము వెలిగించుటకును నడుమ దొరకు కాసింత తీరిక.

చరిత్రలోని స్త్రీలకు స్మారకముగా నగరమధ్యమున నొక చదుకమును నిర్మింపవలెనను తలంపు నేడు లోకమున పలుచోట్ల వినవచ్చుచున్నది. అట్టి చదుకము కదిరి వంటి యూర వెలయవలసివచ్చినచో దాని రూపమెట్లుండవలెను, అందెవరి పేరు ఏ తీరున నిలువవలెను అన్నది యీ వ్యాసమున విచారింపబడు విషయము. ఇది వాస్తుశిల్పుల పని గదా, తెలుగు శాఖవారికి దీనితో ప్రమేయమేమి యని యడుగువారుండవచ్చును. శిల్పి రాతిని చెక్కును. ఆ రాతిమీద ఏ పేరునకు ఏ క్రియ జతపడవలెనో నిర్ణయించునది మాత్రము భాష. పైన చూపిన పలుకుబళ్లను పలుకు భాషలోనే యీ చదుకమునకు పేరు పెట్టవలసియున్నది. కావున ఇది మనకు పరాయి విషయము కాదు.

కదిరిని నిదర్శనముగా గ్రహించుటకు కారణము కలదు. పూర్వపు అనంతపురము జిల్లాలోనిదై, 2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరిన యీ పట్టణము వర్షచ్ఛాయలోని మెట్టసీమ. ఏటి వర్షపాతము సుమారు 550 మిల్లీమీటర్లు, అదియు నమ్మరానిది. ఖదిరవృక్షము, అనగా చండ్రచెట్టు, పేరున వెలసినదని చెప్పబడు నీ యూరికి నరసింహస్వామి ఆలయమును, ఆయన తేరును ప్రసిద్ధి తెచ్చినవి. చేరువనే కటారుపల్లెలో వేమన సమాధి యున్నది. కదిరి ప్రాంతముననే గూటిబయలు చెంత తిమ్మమ్మ మర్రిమాను ఉన్నది. వేమనకు సమాధి, స్వామికి తేరు, స్త్రీకి చెట్టు. ఒక చిన్న సీమలో మూడు విధములైన స్మృతిరూపములు ప్రక్కప్రక్కనే కానవచ్చుట విమర్శకునకు గొప్ప సౌకర్యము.

తిమ్మమ్మ కథ ఆ ప్రాంతమువారందఱు నెఱిగినదే. ఐతిహ్యము ప్రకారము ఆమె పదునాలుగవ శతాబ్ది చివర బుక్కపట్నమున పుట్టి, గూటిబయలునకు చెందిన బాలవీరయ్యను పెండ్లాడినది. భర్తకు కుష్ఠువ్యాధి సోకగా చాల కాలము సేవచేసి, 1434 ప్రాంతమున ఆతడు మరణింపగా సహగమనము చేసినది. చితికి నాటిన గుంజలలో నొకటి చిగిర్చి మర్రియైనదట. ఆ మర్రియే నేడు వేయికి పైబడిన ఊడలతో ఇంచుమించు ఐదెకరముల మేర వ్యాపించి, 1989లో ప్రపంచమున నెల్ల పెద్ద మర్రిచెట్టుగా గిన్నిస్ గ్రంథమున కెక్కినది. చెట్టు నడుమ తిమ్మమ్మకు చిన్న గుడి కలదు. శివరాత్రికి తిరునాళ్లు జరుగును. సంతానము లేని దంపతులు వచ్చి మ్రొక్కుకొందురు.

ఈ కథకు వెనుక మన భాషలో నొక విచిత్రమైన మాట యున్నది. పేరంటమునకు పిలువబడు ముత్తైదువను పేరంటాలందుము. సహగమనము చేసి దేవతయైన స్త్రీని గూడ పేరంటాలనియే యందుము. బ్రదికి ఇరుగింటికి కుంకుమ పెట్టించుకొన బోవు నామెకును, అగ్నిలో దిగిన యామెకును మన పూర్వులు ఒకే శబ్దము నుపయోగించిరి. ఇది యాదృచ్ఛికము కాదు. వైధవ్యము చేత పేరంటమునకు దూరము కావలసిన స్త్రీ, చావు చేత శాశ్వతముగా పేరంటాలైనది. ఇంటిలోపలి కూడికలో స్థానము పోవునన్న భయమే ఆమెను ఊరి బయటి గుడిలో దేవతను చేసినదని యీ శబ్దార్థమునుండి తేలుచున్నది. స్త్రీకి బహిరంగ స్థలమున రాతి రూపమున చోటు దొరకుటకు మన సమాజము విధించిన సుంకమెంతటిదో ఈ యొక్క పదమే చెప్పును.

ఆ రాతి రూపమైనను ఎట్టిది? రాయలసీమ పల్లెలలో పొలిమేరల వద్ద, చెఱువుగట్లమీద సతిగల్లులు కానవచ్చును. కన్నడమున వీనిని మాస్తికల్లులందురు. రెండు భాషల సరిహద్దైన యీ సీమలో రెండు పేర్లును వినవచ్చును. వీరగల్లుపై వీరుడు ఆయుధముతో, గుఱ్ఱముతో, శత్రువుతో పోరాడుచు కనబడును. అతడు ఎట్లు చచ్చెనో దాని కంటె ఎట్లు పోరెనో యా రాయి చూపును. సతిగల్లుపై పెక్కుచోట్ల నొక చేయి మాత్రమే యుండును. మోచేతికడ వంగి పైకెత్తిన యరచేయి, మణికట్టునుండి గాజులు, కొన్నింట వ్రేళ్ల నడుమ నిమ్మపండు; పైన సూర్యచంద్రులు. ముఖము లేదు. చాలచోట్ల పేరు లేదు. గాజులు మిగిలినవనుటయే ఆ శిల్పమునకు సర్వార్థము. ఇంతకంటె క్లుప్తమైన జీవితచరిత్ర మఱొకటి యుండబోదు. శిల్పదృష్టితో చూచిన నా చేయి మిక్కిలి శక్తిమంతమైన చిహ్నము. దాని శక్తిని నేను కాదనను. కాని నేటి చదుకమున కట్టి చిహ్నమును నమూనాగా తీసికొనుటయన్నచో, మరల నొకసారి స్త్రీని ముఖము తీసివేసి స్మరించుటయే యగును. కొందఱు పల్లెలనుండి సతిగల్లులను పెకలించి తెచ్చి పట్టణపు తోటలలో నిలువబెట్టుట మంచిదని తలంతురు. అదియు తగదు. పొలిమేరనుండి పెకలించిన సతిగల్లు సాక్ష్యమును కోల్పోయి అలంకారమగును.

ఇచ్చట చట్టము మాట చెప్పవలసియున్నది. సహగమనమును బెంగాలున 1829లోను, మద్రాసు రాజధానిలో 1830లోను నిషేధించిరి. ఆ పిమ్మట నూటయేబది యేండ్లు గడచినను, రాజస్థానమున దేవరాలా గ్రామములో 1987 సెప్టెంబరు 4న జరిగిన దారుణమును బట్టి అదే యేట సతీ నివారణ చట్టము వచ్చినది. ఆ చట్టము సహగమనమునే కాక దాని కీర్తనమును గూడ నేరముగా నెంచినది. అట్టి స్త్రీ పేర గుడి కట్టుట, ఉత్సవము జరుపుట, ఆమె గౌరవమును నిలుపుటకు నిధి కూర్చుట యందులో చేరినవి. ఆ తరువాత రెండేండ్లకే తిమ్మమ్మ చెట్టు ప్రపంచ ప్రసిద్ధి పొందినది. ఒక వంక చట్టము, ఒక వంక చెట్టు. కదిరిలో చదుకము కట్టు నెవరికైనను మొట్టమొదట నెదురగు చిక్కు ఇదియే. తిమ్మమ్మను విడిచినచో ఆ సీమ స్త్రీ చరిత్రలో జనుల కెల్లరకు తెలిసిన పేరు విడిచినట్లగును. చేర్చినచో చితిని చేర్చినట్లగునేమో యన్న శంక పుట్టును.

నా యభిప్రాయము తిమ్మమ్మను చేర్చవలెననియే. కారణము జనుల నాలుకమీద నున్నది. ఆ చోటిని జనులు తిమ్మమ్మ గుండమని పిలువలేదు, తిమ్మమ్మ చితి యనియు పిలువలేదు. తిమ్మమ్మ మర్రిమాను అని పిలిచిరి. ఆరువందల యేండ్ల కాలములో వ్యవహారభాష నిప్పును వదలి నీడను పట్టుకొన్నది. దీనికి ప్రతిగా చితి లేనిదే చెట్టు లేదు గదా, ఆ చెట్టు చితిగుంజయే గదా, నీడను పొగడుట మాటున నిప్పును పొగడుటయే గదా యని యాక్షేపింపవచ్చును. ఈ యాక్షేపమున బలము లేకపోలేదు. కథను చెప్పువారు చెట్టు పెద్దదనము నంతయు సహగమన మహిమగా చెప్పుట నేటికిని వినవచ్చుచున్నది. కాని వృక్షము పెరుగుటకు కారణము మఱొకటి కలదు. మర్రి ఊడలు నేలను తాకి క్రొత్త మ్రాకులగును. వానిని పశువులు మేయకుండ, మనుజులు నరకకుండ కాపాడిన తరములు అనేకములు. ఒక తల్లి మ్రానునుండి పుట్టిన వేయి మ్రాకులలో నేది మొదటిదో నేడు తేల్చుట సులభము కాదు. ఆ చెట్టు చెప్పు చరిత్ర ఒక్కరి చావుకంటె పెక్కుమంది పోషణకు చేరువైనది. కావున చదుకమున తిమ్మమ్మ రాయి యుండవలెను. అందు ఆమె వ్యాధిగ్రస్తుడైన భర్తకు చేసిన సేవ ఐతిహ్యముగా చెప్పబడవలెను. ఆమె చావు ఏ విశేషణమును లేక, ఆనాటి యాచారముగా, నేడు చట్టము నిషేధించిన దానిగా తెలుపబడవలెను. అచ్చట హారతి లేదు, ఊయల కట్టుట లేదు. గూటిబయలున గుడి యున్నది. కదిరిలో రెండవది యక్కఱలేదు.

నిప్పుతో ముడిపడిన కథ ఇది. కఱవుసీమ గావున నీటితో ముడిపడినది గూడ మఱొకటి కలదు. అది సాహిత్య విమర్శకుల కింకను దగ్గఱది. అనంతపురము చెంత బుక్కరాయసముద్రము చెఱువునకు గండి పడబోగా, బసిరెడ్డి కోడలైన ముసలమ్మ తన్ను తాను బలియిచ్చికొని గట్టును నిలిపెనని కథ. ఆ గట్టును ముసలమ్మ కట్ట యనియే యందురు. కట్టమంచి రామలింగారెడ్డిగారు మద్రాసు క్రైస్తవ కళాశాలలో విద్యార్థిగా నున్నపుడు, 1899లో, దీనిని కావ్యముగా వ్రాసిరి. ఆధునిక ఖండకావ్యములకు తొలి యడుగుగా దానిని మన విద్యార్థులు చదువుచున్నారు. గొప్ప కథావస్తువును దేవతల నుండి, రాజుల నుండి తప్పించి ఒక రైతు కోడలిపై నిలుపుట సామాన్యమైన సాహసము కాదు. అయినను కావ్యమునకు పెట్టిన పేరు చూడుడు: ముసలమ్మ మరణము. ఆమె యేమి చేసినదన్న దానికి సమాధానము మరణించినదని.

ఆ కావ్యము పుట్టిన రెండేండ్లలోపే, 1901లో, భండారు అచ్చమాంబగారి అబలా సచ్చరిత్ర రత్నమాల వెలువడినది. తెలుగున ఒక స్త్రీ వ్రాసిన తొలి స్త్రీల చరిత్ర అదియే. స్త్రీలు బలహీనులు, బుద్ధి చాలనివారు అను లోకనింద తప్పని దృష్టాంతములతో చూపుట ఆమె యుద్దేశము. పేరులో అబల యున్నను అందలి రెండవ పదము చరిత్ర; చావు కాదు. అచ్చమాంబ పుట్టినది పెనుగంచిప్రోలు. ఆ యూరు తిరుపతమ్మ పేరంటాలి గుడికి తెలుగునాట నెల్ల ప్రసిద్ధమైనది. పేరంటాలి యూర పుట్టిన పిల్ల, పాఠశాల మెట్టెక్కక తమ్ముడు కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారి తోడ చదువు నేర్చి, స్త్రీలను చావుచే గాక చరితచే లెక్కింప బూనుట, ఎవరును కల్పింపని యొక సుందరమైన సంఘటన. ఆమె 1902లో మచిలీపట్టణమున ఓరుగంటి సుందరీ రత్నమాంబతో గూడి బృందావన స్త్రీ సమాజమును స్థాపించినది. పేరంటమును ఇంటినుండి సమాజమునకు తెచ్చిన తొలి ప్రయత్నములలో నది యొకటి. 1905లో ముప్పదియొక్క యేండ్లలోపే ఆమె కాలము చేసినది. నేను చదుకమును గూర్చి తలంచినపుడెల్ల ఆ గ్రంథమే నా కన్నులయెదుట నుండును. ఏలనన తెలుగున స్త్రీ స్మారక చదుకము మొదట కాగితముమీదనే కట్టబడినది, కట్టినది స్త్రీ.

ముసలమ్మ విషయమున చదుకము చేయవలసిన పని యేమి? ఆమెను బలిగా చూపుట సులభము. కాని కట్ట తెగుటకు కారణము దేవత కోపమో, కట్టడపు లోపమో, మరమ్మతు లేమియో యని యడుగు నలవాటు ఆ రాయి కలిగింపవలెను. చెఱువుగట్టును కాచుట యావదూరి పని. ఒక యింటి కోడలి ప్రాణముతో దానిని చెల్లుపెట్టిన కథను పదే పదే మెచ్చుకొనుటలో ఊరి బాధ్యత మఱుగుపడుచున్నది. ఈ మాట కొందఱకు కటువుగా తోచవచ్చును.

ఇంతకు నీ సీమలోనే నీటిచే, చావులేకయే, స్మరింపబడిన స్త్రీలు గలరు. కదిరినుండి పాకాల ధర్మవరము రైలుదారిలో పడమరకు పోవువాడు దిగు కూడలి ధర్మవరము. చెఱువు కట్టించిన క్రియాశక్తి ఒడయరు తల్లి ధర్మాంబ పేర ఆ యూరు వెలసినదని స్థలైతిహ్యము. అనంతపురము సంగతియు నట్టిదే. పండమేటికి అడ్డముగా 1364లో చెఱువు కట్టినపుడు ఒక కొసనున్న యూరికి బుక్కరాయల పేరు, మఱియొక కొసనున్న యూరికి అనంతమ్మ పేరు పెట్టిరని చెప్పుదురు. అనగా ఒక జిల్లా జిల్లాయే యొక స్త్రీ పేరును మోయుచున్నది. ప్రతి ఫైలుమీద, ప్రతి బస్సు బోర్డుమీద నా పేరున్నది. ఆమె ఎవరని యడిగినవాడు లేడు. ఇంత పెద్ద స్మారకము ఇంత పూర్తిగా మఱపుపడుట చూచిన, పేరు పెట్టుట మాత్రమే స్మారకము కాదని తెలియును. చదుకమునకు ఒక నాయకురాలి పేరు పెట్టి బోర్డు వ్రేలాడదీసిన చాలునను మున్సిపాలిటీలు ఈ రెండూళ్లను తలంచుకొనవలెను.

తెలంగాణమున నిదర్శనము లింకను స్పష్టములు. ఇచ్చట ఐతిహ్యమునకు బదులు శాసనము మాటలాడును. బయ్యారము చెఱువును త్రవ్వించినది గణపతిదేవుని సోదరి మైలమ. కాకతీయుల వంశావళిని చరిత్రకారులకు తెలిపిన ముఖ్యసాధనములలో ఆమె చెఱువు శాసనమొకటి. రాజుల పుట్టుపూర్వోత్తరములు నేడు మనకు తెలియుటకు ఒక స్త్రీ తవ్వించిన చెఱువు కారణమైనది. 1276 నాటి బూదపూరు శాసనమున గోన బుద్ధారెడ్డి కూతురు కుప్పాంబిక, భర్త మల్యాల గుండనాథుడు గతింపగా ఆతని స్మృతికై దేవాలయ ప్రతిష్ఠ చేసినట్లున్నది. ఈమెను తెలుగున తొలి కవయిత్రిగా నెంచువారును గలరు. తిమ్మమ్మకు నూటయేబది యేండ్లకు పైగా ముందు, సామంతుల యింట, భర్త పోయిన స్త్రీ చితి నెక్కక శాసనము వేయించినది. సహగమనమే ఆ కాలమున ఏకైక మార్గమని తలంచువారికి కుప్పాంబిక యొక్కతే చాలిన సమాధానము. కదిరి చదుకమున తిమ్మమ్మ రాతి ప్రక్కన కుప్పాంబిక రాయి నిలుపవలెనని నా ప్రతిపాదన. ఆ రెండు రాళ్ల నడుమ నిలుచు విద్యార్థినికి వేఱు వ్యాఖ్యానమక్కఱలేదు.

ఇక విగ్రహముల మాట. మన నగరములలో స్మారకమనగానే విగ్రహమును తలంచుట అలవాటైనది. హైదరాబాదున ట్యాంకుబండుమీద 1986లో ముప్పదికి పైగా తెలుగు ప్రముఖుల విగ్రహములు నిలిపిరి. వారిలో స్త్రీలు రుద్రమదేవి, మొల్ల, ఇద్దఱే. సంఖ్య తక్కువయన్నది ఒక లోపము. అంతకంటె పెద్దది మఱొకటి. మొల్ల ముఖమును చూచినవారు లేరు, చిత్రము లేదు. కావున శిల్పి కల్పించిన ముఖమే తరములకు మొల్ల యగుచున్నది. రుద్రమ శాసనములలో రుద్రదేవ మహారాజని పురుషనామముతో వ్యవహరింపబడినది. ఆమె కాలము చేసిన సంగతియైనను మనకు తెలిసినది 1289 నాటి చందుపట్ల శాసనము వలన, దానిని వేయించినది ఒక సేవకుడు. ఇట్టి సంకీర్ణమైన చరిత్రను గుఱ్ఱము, కత్తి, కిరీటము గల యొక మూర్తి యెట్లు చెప్పగలదు? 2011 మార్చి 10న ఆ బండుమీద కొన్ని విగ్రహములు కూలద్రోయబడుట చూచితిమి. ఎత్తుపీఠము గౌరవముతోపాటు గుఱిని గూడ కల్పించును.

విగ్రహమును వాడియు దాని పరిమితిని గుర్తించిన యుదాహరణ లండనులో నొకటి కలదు. అచ్చటి పార్లమెంటు చదుకమున పదునొక్క విగ్రహములు, అన్నియు పురుషులవే యుండగా, 2018 ఏప్రిల్ 24న స్త్రీల వోటుహక్కునకై శ్రమించిన మిల్లిసెంట్ ఫాసెట్ విగ్రహము నిలిపిరి. శిల్పి జిలియన్ వేరింగ్ గూడ స్త్రీయే. ఆ పీఠముచుట్టును అదే యుద్యమమునకు పాటుపడిన 59 మంది పేర్లు, ముఖములు చెక్కిరి. పైనున్న యొక్కరికంటె క్రిందనున్న యా వరుసయే నాకు నచ్చిన భాగము. మనకట్టి ఛాయాచిత్రములు లేవు; మనకున్నవి పేర్లు, చెఱువులు, శాసనములు, కావ్యములు. లేనిదానిని కల్పించుకొనక ఉన్నదానితో కట్టుట విజ్ఞత.

ఉన్నదానితో కట్టుటకు తెలుగునాట దారిచూపినది తరిగొండ వెంగమాంబ స్మృతి. కదిరి సీమకు దూరము కాని తరిగొండలో పదునెనిమిదవ శతాబ్దమున పుట్టి, బాల్యవైధవ్యమును, ఊరి నిందలను దాటి తిరుమల చేరిన కవయిత్రి ఆమె. తిరుమలలో ఏకాంతసేవయందు నేటికిని ఆమె పేర హారతి జరుగుచున్నది. 2011 నుండి నిత్యాన్నప్రసాద భవనము ఆమె పేర నడచుచున్నది. ఆ భవనమున భుజించు వేలమందిలో ఆమె పద్యము చదివినవారు కొందఱే యైనను, ఆమె పేరు అన్నముతో జతపడినది. పేరునకు ఉపయోగము తోడైనపుడు అది నిలుచును. అనంతమ్మ పేరు మఱపుపడుటకును, వెంగమాంబ పేరు నిలుచుటకును గల భేద మిదియేయని తోచుచున్నది.

కావున కదిరి చదుకమున ప్రధానవస్తువు మూర్తి కారాదు. నీడయు నీరును కావలెను. మర్రికొమ్మ నాటిన చాలును. అది పెరుగుటకు పట్టు కాలము స్మారకమున కలంకారమే. ఊడలకు నేల వదలవలెను. నేల నంతయు సిమెంటు పలకలతో కప్పు నేటి ఆచారమును మానవలెను. నీటికి చలివేంద్రము. వేసవిలో చలిపందిరి పెట్టుట ఈ సీమలో పెద్ద ధర్మముగా నెంచబడుచున్నది. దానిని ధర్మాంబ, మైలమల పేర ఏడాది పొడుగున నిలుపుట కష్టము కాదు. ఫౌంటెనులు వలదు. కఱవుసీమలో నీరు గాలిలోకి చిమ్ముట చూచిన మూడు మైళ్లనుండి బిందె మోసిన స్త్రీకి కోపము రాకుండునా?

అంతకంటె ముఖ్యమైనది కూర్చుండుట. మన యూళ్ల రచ్చబండలమీద స్త్రీ కూర్చుండుట నేటికిని అరుదు. తేరు ఉత్సవమున కదిరి వీధులలో వేలకొలది స్త్రీలు నిలుతురు. పండుగ వెళ్లిన మఱునాడు అదే వీధిలో ఒక స్త్రీ పనిలేక గంటసేపు కూర్చున్నచో ఎవరికొఱకని చూపులు ప్రశ్నించును. వేరుసెనగ కోతకు, కలుపునకు వచ్చి సాయంకాలపు బస్సుకై కాచుకొను కూలి స్త్రీలు, బుట్టలతో మల్లెలు తెచ్చువారు, ఆస్పత్రినుండి వచ్చు బాలింత, కళాశాల విద్యార్థినులు ఈ చదుకమునకు నిజమైన పేరంటాండ్రు. వారికి నీడలో వెన్ను ఆనించుటకు వీలైన గట్లు, శుభ్రమైన మరుగుదొడ్డి, చీకటి పడిన పిమ్మట వెలుతురు లేనిచో, రాళ్లమీద రుద్రమదేవి పేరెంత లోతుగా చెక్కినను అది మగవారు పేకాడు రచ్చబండయే యగును. శిల్పులు మరుగుదొడ్డిని స్మారకములో భాగముగా నెంచరు. నేనెంతును.

చివరి విషయము రాతిమీది వాక్యము. ఇచ్చటనే తెలుగు చదివినవారి పని యున్నది. మనకు లభించు స్త్రీల పేర్లన్నియు ఒక షష్ఠీ విభక్తికి వెనుక నిలిచియున్నవి. ధర్మాంబ క్రియాశక్తి తల్లి, అనంతమ్మ బుక్కరాయల సతి, ముసలమ్మ బసిరెడ్డి కోడలు, మైలమ గణపతిదేవుని సోదరి. ఈ వ్యాసమున నేనును అట్లే వ్రాయవలసివచ్చినది. చరిత్ర సాధనములు అట్లే యున్నవి. రాతిమీద ఆ వరుసను మార్చుట మన చేతిలోనిదే. మొదట పేరు. రెండవది కర్తృవాచకమగు క్రియ: త్రవ్వించినది, వ్రాసినది, ప్రతిష్ఠించినది, స్థాపించినది. మూడవది సాక్ష్యము: శాసనమా, గ్రంథమా, ఐతిహ్యమా. బంధుత్వము కడపట. బిరుదులు, మహా, వీర, సాధ్వీ మొదలగు విశేషణములు వలదు. అక్షరములు కూర్చున్నవారి కన్నుల మట్టమున, చేతితో తడవి చదువదగినంత లోతుగా నుండవలెను. మైలమ రాయి యిట్లుండును: మైలమ. బయ్యారమున చెఱువు త్రవ్వించినది. అచ్చటి శాసనము సాక్షి. కాకతి గణపతిదేవుడు ఈమె సోదరుడు.